తేలికైన ఫ్లోర్ జాకీ కొంటున్నారా? ముందు స్టాండ్ల సంగతి చూడండి

కారుతో పాటు కంపెనీ ఇచ్చే సిజర్ జాకీ దారిలో పంక్చరైతే స్టెప్నీ మార్చుకోవడానికి ఉద్దేశించింది. దానికి అంతకుమించి పని చెప్పకూడదు. టైర్లు ముందువి వెనక్కి మార్చడం, బ్రేక్ ప్యాడ్లు చూసుకోవడం, ఇంజిన్ ఆయిల్ మార్చడం లాంటివి ఇంటి దగ్గరే చేసుకోవాలనుకునేవాళ్లు చక్రాల మీద దొర్లుతూ ఆయిల్ ఒత్తిడితో లేపే హైడ్రాలిక్ ఫ్లోర్ జాకీ వైపు చూస్తారు. దుకాణాల్లో ట్రాలీ జాక్ అన్నా ఇస్తారు. ఎన్ని టన్నులు లేపుతుంది, బరువెంత అని అడుగుతాం. బరువు తక్కువని చెబితే చాలు, మనసు అటే లాగుతుంది. అయితే జాకీ తేలికవడానికి కారణాలు రెండు. ఒకటి లోహం మార్చడం, రెండోది లోహం తగ్గించడం. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

లోహం మార్చడమంటే ఉక్కు బదులు అల్యూమినియం వాడటం. దాని సాంద్రత ఉక్కులో మూడో వంతే. కానీ వంగకుండా నిలబడే శక్తి కూడా దాదాపు మూడో వంతే కాబట్టి పలకలు మందంగా చేయాలి. ఒత్తిడి పడే పంపు, పిస్టన్ లాంటి భాగాలు ఎలాగూ ఉక్కువే. అందుకే 3 టన్నుల ఉక్కు జాకీ 35 కిలోల దాకా ఉంటే, అదే సామర్థ్యం ఉన్న అల్యూమినియంది 25 కిలోల దగ్గర ఆగుతుంది. ధర మాత్రం బాగా ఎక్కువ. డబ్బు పెట్టగలిగి, జాకీని తరచూ ఎత్తి దించాల్సినవాళ్లకు ఇది మంచి ఎంపికే.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 8, 10 కిలోల '2 టన్నుల' జాకీలు వేరే కోవకు చెందుతాయి. అవి ఉక్కువే, కాకపోతే ఫ్రేము పొట్టి, రేకు పలచన, హ్యాండిల్ చిన్నది. చిన్న హ్యాండిల్‌తో పంపు కొట్టాలంటే కారు కింద దాదాపు తల పెట్టినంత దగ్గరగా కూర్చోవాలి. అసలు ఇబ్బంది ఎత్తు దగ్గర వస్తుంది. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు, క్రెటాది 190. జాకీ లేపుతుంటే మొదట బాడీ లేస్తుంది, సస్పెన్షన్ కిందికి సాగుతుంది, టైరు ఆ తర్వాతే నేల వదులుతుంది. 300, 330 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే జాకీ హ్యాచ్‌బ్యాక్‌కు ఎలాగో సరిపోతుంది కానీ ఎస్‌యూవీకి చాలదు. అప్పుడు మనవాళ్లు జాకీ కింద ఇటుకో చెక్కముక్కో పెడతారు. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఈ అలవాటే. ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది. ఎస్‌యూవీ ఉన్నవాళ్లు టన్నుల అంకె కన్నా ముందు గరిష్ఠ ఎత్తు చూడాలి, 450 మిల్లీమీటర్ల పైన ఉంటే నిశ్చింత.

టన్నుల గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. పెట్రోల్ స్విఫ్ట్ ఖాళీ బరువే ఒక టన్ను లోపు, జాకీ మీద పడేది అందులో ఒక భాగమే. ఇన్నోవా లాంటి వాటికి 3 టన్నులది తీసుకుంటే చాలు.

నేల సంగతి ఎవరూ చెప్పరు గానీ చాలా ముఖ్యం. ఫ్లోర్ జాకీ చెయ్యి నిటారుగా లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. ఆ వంపుకు తగ్గట్టు జాకీ చక్రాలు కొద్దిగా దొర్లాలి. అవి మట్టిలో కూరుకుపోయినా, పార్కింగ్ టైల్స్ సందులో ఇరుక్కున్నా జాకీ కదలదు. దానికి బదులు కారు పక్కకు జారుతుంది, లేదా జాకీ ఒరుగుతుంది. గేటు ముందు వాలుగా పోసిన సిమెంటు మీద ఈ పని అసలు పెట్టుకోవద్దు. మే నెల ఎండకు మెత్తబడిన తారు మీదా అంతే. చదునైన కాంక్రీటు మీద, హ్యాండ్‌బ్రేక్ వేసి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనుకా అడ్డాలు పెట్టి, చక్రం విప్పాల్సి ఉంటే దాని నట్లు కాస్త వదులు చేశాకే లేపాలి.

జాకీ ఆనాల్సిన చోటు కారు మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. ఆయిల్ ఛాంబర్ కింద పెడితే అది సొట్టపోతుంది, పగలొచ్చు కూడా. ఎలక్ట్రిక్ కార్లలో అడుగున పరిచింది బ్యాటరీ కాబట్టి అక్కడ అంచనాతో పెట్టే పనే లేదు.

ఇక స్టాండ్లు, అంటే లేపిన కారు బరువు మోయడానికి కింద పెట్టే ఇనుప కాళ్లు. తేలిక జాకీ మీద మోజు కార్ల రేసుల్లో మధ్యలో ఆగి టైర్లు మార్చుకునే పిట్ల నుంచే వచ్చింది. అమెరికాలో నాస్కార్ పోటీల్లో సిబ్బంది చేతబట్టుకుని పరుగెత్తే జాకీ 9 కిలోలకు అటూఇటూ ఉంటుంది. అది కారును పైన నిలిపేది కొన్ని సెకన్లే, ఆ సమయంలో కారు కిందికి ఎవరూ దూరరు. మనం ఇంట్లో చేసే పని దీనికి పూర్తిగా వ్యతిరేకం. అరగంటా గంటా కారు పైనే ఉండాలి, మనం కింద ఉండాలి. హైడ్రాలిక్ జాకీలో అంత బరువునూ ఆపేది ఒక రబ్బరు సీలు, ఒక చిన్న వాల్వు. సీలు కారినా, వాల్వులో నలుసు ఇరుక్కున్నా కారు దిగిపోతుంది. 8 కిలోల జాకీకైనా 35 కిలోల జాకీకైనా ఇది ఒకటే. జాకీ పని లేపడం వరకే, మోయాల్సింది స్టాండ్లు. పది వేలు ఖర్చు పెట్టాలనుకుంటే ముందు ఒక జత మంచి స్టాండ్లు కొని, మిగిలిన దాంట్లో జాకీ చూసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. స్టాండ్లు లేకుండా జాకీ ఒక్కటే అమ్మే దుకాణదారు ఆ మాటైనా చెప్పి అమ్మాలి.

స్టాండ్లనైనా కళ్లు మూసుకుని నమ్మలేం. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ సంస్థ తాను అమ్మిన 3, 6 టన్నుల స్టాండ్లను దాదాపు 17 లక్షల దాకా వెనక్కి పిలిచింది. బరువు అటూఇటూ కదిలినప్పుడు పళ్లలో నిలవాల్సిన కొక్కెం జారిపోవచ్చన్నది కారణం. అక్కడ గ్యారేజీలో సొంతంగా ఆయిల్ మార్చుకునే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. పాత స్టాండ్లు ఇంకా వాడుతుంటే మోడల్ నంబరు ఒకసారి చూసుకోండి. ఎక్కడివైనా సరే, రంధ్రంలో పిన్ను దూర్చే రకం నాకు ఎక్కువ నమ్మకం. కారును స్టాండ్ల మీదికి దించాక చేత్తో గట్టిగా తోసి చూసి, కదిలితే మళ్లీ లేపి సర్దాలి.

బరువు నిజంగా సమస్యయ్యేది అపార్టుమెంట్లలో. సెల్లార్‌లో పెట్టుకునే చోటు లేక జాకీని నాలుగో అంతస్తుకు మోయాల్సి వస్తుంది కాబట్టే చాలామంది ఆ పలచని రకం కొంటున్నారు. దీనికి అసోసియేషన్ స్థాయిలోనే తేలికైన దారి ఉంది. అందరూ తలా కొంత వేసుకుని ఒక మంచి 3 టన్నుల ఉక్కు జాకీ, రెండు జతల స్టాండ్లు, నాలుగు అడ్డాలు కొని కింద మోటారు గదిలో పెట్టుకోవచ్చు. నిచ్చెన, నీళ్ల పైపు ఉమ్మడిగా వాడుకుంటున్నట్టే ఇవీ వాడుకోవచ్చు. అప్పుడు జాకీ 35 కిలోలున్నా ఎవరూ మెట్లెక్కించక్కర్లేదు.