ఉమ్మడి లాగిన్ గారికి, బ్రాడీపేట నుంచి

మహారాజశ్రీ ఉమ్మడి లాగిన్ గారి సముఖమునకు,

గుంటూరు బ్రాడీపేటలోని ఓ పెళ్ళిళ్ళ ఫొటో స్టూడియో నుంచి సర్వర్లు చూసే కుర్రాడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరు మాత్రం నిన్న ఉదయం 9 నుంచి 11:20 దాకా క్షేమంగా లేరు. ఆ సంగతే రాస్తున్నాను.

తమరు రాకముందు మా బతుకు ఎలా ఉండేదో చెబుతాను. మూడు స్టోరేజ్ సర్వర్లు, దేని అకౌంట్లు దానివి, మనిషికి మూడు పాస్‌వర్డ్‌లు. అది భరించొచ్చు. అసలు తంటా నంబర్లతో. సర్వర్లను నడిపే లినక్స్‌కు, ఫైల్ ఎవరిదో తేల్చడానికి మన పేరుతో పనిలేదు, అకౌంట్‌కిచ్చిన నంబరే చూస్తుంది. ముందు చేర్చినవాళ్ళకు 1000, తర్వాతివాళ్ళకు 1001. మొదటి సర్వర్లో 1001 మా వీడియో ఎడిటర్. రెండోదాంట్లో అదే 1001 అకౌంట్స్ చూసే అక్క. ఓ రాత్రి తెనాలి పెళ్ళి ఫోల్డర్ని నంబర్లతో సహా అటునుంచి ఇటు కాపీ చేశాను. తెల్లారేసరికి అప్పగింతలతో సహా పెళ్ళంతా అక్క పేరు మీదికి వచ్చేసింది. స్టాంపు డ్యూటీ లేదు, సాక్షి సంతకాల్లేవు! ఎడిటర్ సేవ్ కొడితే పర్మిషన్ లేదంటుంది.

"అక్కా, నా పెళ్ళి నాకిచ్చెయ్."

"నీ పెళ్ళి నాకెందుకురా!"

ఇంకో సంగతి. మానేసి పక్క లైన్లో సొంత స్టూడియో పెట్టుకున్న డిజైనర్ అకౌంట్ రెండు సర్వర్లలో తీసేశాను. మూడోదాంట్లో ఎనిమిది నెలలు నిక్షేపంగా బతికింది.

అందుకే అన్ని సర్వర్ల అకౌంట్లూ ఒకేచోట ఉంచి చూసుకునే తమర్ని పిలిచాం. మూలన పడున్న పాత పీసీ మీద పీట వేశాం. తమర్ని నడిపే సాఫ్ట్‌వేర్ పేరు సాంబా అని వినగానే శివుడే అనుకుని ఓనరుగారు కొబ్బరికాయ కూడా కొట్టించారు. మనిషికి ఒకే పేరు, ఒకే నంబరు, ఒకే పాస్‌వర్డ్. పాత ఫైళ్ళు పాత నంబర్ల మీదే దిక్కులేకుండా ఉండిపోతే, అన్నిటినీ కొత్త నంబర్లకు రాయించేసరికి రెండు రాత్రులు పట్టింది. అయినా బాధపడలేదు.

మొన్న రాత్రి కరెంటు పోయింది. కరెంటు లేనప్పుడు ఆ పాత పీసీ గడియారాన్ని నడిపే బిళ్ళ బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో, తెల్లారి ఆన్ చేసేసరికి గడియారం 2016 జనవరి 1కి పోయింది. తమరి గుమ్మం దగ్గర మనిషిని గుర్తుపట్టి, సర్వర్లలోకి వెళ్ళడానికి టికెట్లిచ్చేది కెర్బెరోస్ అనే ఏర్పాటు. గ్రీకు పురాణాల్లో పాతాళానికి కాపలా ఉండే మూడు తలల కుక్క పేరట, ఎంఐటీ వాళ్ళు పెట్టారు. గడియారాల మధ్య తేడా 5 నిమిషాలు దాటితే అది టికెట్ ఇవ్వదు. అయ్యా, మాది పెళ్ళిళ్ళ వ్యాపారం. జీలకర్ర బెల్లం వేళకు పెళ్ళికొడుకు ఇంకా ఊరేగింపులోనే ఉన్నా పంతులుగారు ఎలాగో సర్దుతారు. తమరు ఓ 5 నిమిషాలకే ఇంత పట్టింపా? తేడా ఏళ్ళల్లో ఉందంటారా, సరే, ఆ మాట నిజమే.

కానీ ఒకప్పుడు ఒక సర్వర్ పోతే మిగతా రెండిట్లో పని నడిచేది. ఇప్పుడు ఇంట్లో తాళాలన్నీ ఒకే గుత్తికి గుచ్చి అత్తగారి బొడ్లో దోపినట్టుంది. ఆవిడ కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్తే పప్పుడబ్బా కూడా తెరుచుకోదు. పెళ్ళివారు ఆల్బమ్ కోసం వచ్చి కూర్చున్నారు. వాళ్ళకు కాఫీ ఇప్పించి, నేను బిళ్ళ కోసం షాపుకు పరిగెత్తాను.

తమరికి తోడుగా ఇంకో పీసీ పెట్టి, ఇవే అకౌంట్లు దాంట్లోనూ ఉంచుదామని ఓనరుగార్ని అడిగాను. "కొబ్బరికాయ కొట్టాం కదా" అన్నారు.

ఇట్లు,
తమరి విధేయుడు

తా.క.: తమరు పడిపోతే వాడమని సర్వర్ల లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఓనరుగారికిచ్చాను. పోతుందేమోనని ఆయన దాన్ని స్కాన్ చేయించి, భద్రంగా రెండో సర్వర్లో పెట్టించి, కాగితం చింపేశారట.