ఆ ఒక్క రోగి క్షేమం కోరుతూ

శస్త్రచికిత్సా శాస్త్రానికి ఆధారం సర్జన్ హస్తవాసి అని ఇంతకాలం నమ్ముతూ వచ్చిన వారికి సవినయంగా మనవి చేసుకునేదేమంటే, ఆ గౌరవం నిజానికి ఫాలో-అప్‌కు రాకుండా ఊరెళ్లిపోయిన రోగికి దక్కాలి.

కొత్త పద్ధతిలో కుట్లు వేసిన నూరుమందిలో ఇద్దరికి, పాత పద్ధతిలో వేసిన నూరుమందిలో పదిమందికి గాయం చీముపట్టిందనుకుందాం. ఇలాంటి చిన్న లెక్కలకు వాడే ఫిషర్ ఎగ్జాక్ట్ అనే గణాంక పరీక్షలో పి-విలువ (పద్ధతుల మధ్య నిజంగా తేడా లేకున్నా కేవలం యాదృచ్ఛికంగా ఇంత లేదా ఇంతకుమించిన తేడా కనబడే సంభావ్యత) దాదాపు 0.03 వస్తుంది, తేడాను లెక్కలోకి తీసుకోవడానికి ఆనవాయితీగా గీసుకున్న 0.05 గీతకు లోపలే ఉంది కనుక కొత్త పద్ధతికి జయజయధ్వానాలు పలుకుతారు. అదే కొత్త పద్ధతిలో ఇంకొక్కరికి చీముపట్టి ఉంటే పి-విలువ 0.08కి ఎగబాకేది, ఆ విప్లవం కాస్తా ‘చెప్పుకోదగ్గ తేడా లేదు’ అన్న ఒక్క వాక్యంలో ముగిసిపోయేది. ఫలితం ఇలా గీత దాటడానికి ఎందరి గతి మారితే చాలునో ఆ సంఖ్యనే ఫ్రజిలిటీ ఇండెక్స్ అంటారు. ఇక్కడ అది ఒకటి.

ఇది నా కల్పిత లెక్క మాత్రమేనని కొట్టిపారేయడానికి వీల్లేదు. పేరున్న వైద్య పత్రికల్లో వెలువడిన 399 ట్రయల్స్‌ను (రోగులపై చికిత్సలను పోల్చి చూసే ప్రయోగాలను) వాల్ష్ అనే పరిశోధకుడి బృందం పరిశీలించి 2014లో ప్రకటించిన ఫ్రజిలిటీ ఇండెక్స్ మధ్యగతం (వరుసలో నడిమి విలువ) 8; వెన్నెముక శస్త్రచికిత్సలకు సంబంధించిన 40 ట్రయల్స్‌పై మరుసటి ఏడు వచ్చిన సమీక్షలో అది కేవలం 2. పైగా ఆ నలభైలో సగానికి పైగా ట్రయల్స్‌లో, ఆచూకీ లేకుండా పోయిన రోగుల సంఖ్య ఈ ఇండెక్స్‌కు సమానమో, అంతకంటే ఎక్కువో. వారు రాకపోవడానికి కారణం గాయం చక్కగా మానిపోవడమా, లేక చీముపట్టి వేరే ఆసుపత్రిలో చేరడమా అన్నది పట్టికలో ఉండదు.

ఈ ఇండెక్స్ పి-విలువకే వేసిన మారువేషమని, చిన్న ట్రయల్స్‌ను అది అకారణంగా చిన్నబుచ్చుతుందని కొందరు గణాంకవేత్తలు ఆక్షేపిస్తారు. (ఆ మాటలో పస ఉంది.) దాని బదులు విశ్వాస అంతరం, అంటే అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండవచ్చో చెప్పే శ్రేణి, చూడమంటారు. చూశాను: మన కుట్ల ఉదాహరణలో కొత్త పద్ధతి వల్ల ఒరిగేది నూటికి ఒకటిన్నర మంది నుంచి పద్నాలుగున్నర మంది దాకా ఎంతైనా కావచ్చునట. సదస్సులో స్లైడ్ మీద మాత్రం ఎనిమిది అని ఒకే అంకె, అదీ పెద్ద అక్షరాల్లో.

మాత్రలతో చేసినట్టు వేలమందిని చేర్చుకోవడం తమకు సాధ్యం కాదని, ఒక్కో సర్జన్ చెయ్యి ఒక్కో తీరని శస్త్రవైద్యులు చెప్పేది కూడా నిజమే. అందుచేత పెద్ద ట్రయల్స్ వంటి ఖరీదైన కోరికలు కోరను. ఫలితాన్ని మోస్తున్న ఆ ఒకరిద్దరికి ట్రయల్ ముగిసేదాకా ఉచిత బస్ పాస్, ఫోన్ రీచార్జి, ఇంటి ముందు ఒక కానిస్టేబుల్‌ను మంజూరు చేయాలని, వ్యాస రచయితల జాబితాలో వారి పేరు సర్జన్ పేరుకంటే ముందు వేయాలని కోరుతున్నాను.