డిక్కీలో కాపురమున్న లీటరు ఆయిల్ డబ్బా గారికి

మహారాజశ్రీ ఇంజిన్ ఆయిల్ డబ్బా గారి సముఖమునకు, విజయనగరం నుంచి తమ పోషకుడు రాయునది ఏమనగా—

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టే వీలు లేదు. కుశలం తమరొక్కరికే. స్టెప్నీ పక్కన పాత తువ్వాలు పరుచుకుని, మలుపు వచ్చినప్పుడల్లా అటూ ఇటూ దొర్లుతూ, కారు వెళ్లిన చోటికల్లా తమరూ వేంచేస్తున్నారు. ఇంటిల్లిపాదీ రామతీర్థం బయలుదేరినా ముందు తమకు చోటు చూసి, ఆ తర్వాతే పులిహోర గిన్నె సర్దుతున్నాం.

తమరిని ఇంతవారిని చేసింది టాప్‌అప్ అనే ఆచారం. ఇంజిన్‌లో ఆయిల్ తగ్గిందా, పోయండి. మళ్లీ తగ్గిందా, మళ్లీ పోయండి. ఎక్కడికి పోతోందని మాత్రం ఎవరూ అడగకూడదు. అడిగితే సర్వీస్ సెంటర్ కుర్రవాడు కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా "లిమిట్‌లోనే ఉంది సార్" అన్నాడు. ఆ లిమిట్ మాట కూడా వినదగ్గదే. కొన్ని కార్ల మాన్యువళ్లలో 1000 కిలోమీటర్లకు లీటరు దాకా ఖర్చు కావచ్చని రాసి ఉంటుంది. సర్వీసు 10,000కు ఒకసారి. అంటే రెండు సర్వీసుల మధ్య 10 లీటర్లు. చిన్న పెట్రోల్ కారులో ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ పట్టేది మూడు, మూడున్నర. కారు కొన్నది ప్రయాణానికా, తమ వంశాభివృద్ధికా?

అసలు ఎంత తాగుతోందో ముందు తేలాలి. అందుకు తమరి కన్నా డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల, అవసరం ఎక్కువ. బండిని చదునైన నేల మీద నిలిపి, వేడెక్కిన ఇంజిన్ ఆపి, పైనున్న ఆయిల్ కిందికి దిగేదాకా పది నిమిషాలు ఓపిక పట్టి, పుల్లను తుడిచి, మళ్లీ దించి చూడాలి. రెండు గీతల మధ్య తేడా చాలా కార్లలో సుమారు లీటరు. పై గీత దాకా నింపి, కిలోమీటర్లు రాసుకుని, 1000 తిరిగాక అదే చోట, అదే పద్ధతిలో చూస్తే లెక్క తేలుతుంది. లోకం ఇలా చేయదు. ఇంజిన్ ఆపీ ఆపగానే పుల్ల లాగి, "అయ్యో, తగ్గిపోయింది" అని తమరి మూత విప్పుతుంది. పైన నిలిచిన ఆయిల్ తర్వాత తీరిగ్గా దిగి, లెవెల్ గీత దాటుతుంది. మరీ ఎక్కువైతే అడుగున తిరిగే క్రాంక్ ఇరుసు దాన్ని చిలికి నురగ చేస్తుంది. ఆ నురగ ఆవిరి గొట్టం గుండా ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్ గాలి పీల్చుకునే దారిలోకి పోయి కాలుతుంది. తాగుతోందని పోస్తే, పోశారు కాబట్టి ఇంకా తాగుతుంది. ఇంత చక్కటి వ్యాపారం తమకు తప్ప ఎవరికి దక్కుతుంది!

ఎర్ర దీపం వెలిగినప్పుడు చూసుకుందాంలే అనే ధీమా వాళ్లూ ఉన్నారు. ఆ దీపం చెప్పేది ప్రెషర్ సంగతి, లెవెల్ సంగతి కాదు. అది వెలిగే వేళకు వినవలసిన వార్త చెడ్డదే అయి ఉంటుంది.

కారు కింద రాత్రంతా అట్టముక్క పరిచి చూశాం. చుక్క లేదు. వాల్వ్ కవర్ ప్యాకింగ్, ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు వాషరు, అన్నీ పొడిగానే ఉన్నాయి. కారడం లేదంటే కాలుతోందన్నమాట. ఆ మాట చెవిన పడీ పడగానే ఒక మెకానిక్, ప్లగ్గు ఒక్కటైనా విప్పకుండా, "బోర్ (సిలిండరు లోపలి గోడ) పోయింది, ఇంజిన్ దించేయాలి" అని తీర్పు చెప్పేశాడు.

సరైన ప్రశ్న అడిగింది సాలూరులో టీ తాగుతున్న ఒక లారీ డ్రైవరు. లారీల ఊరు కదా, పొగను చూసి జాతకం చెప్పేవాళ్లకు అక్కడ కొదవ లేదు. "బాబూ, ఘాట్ ఎక్కేటప్పుడు పొగ కొడుతోందా, దిగాక కొడుతోందా?" అన్నాడు. తమరి కొలువులో ఇంతకాలం ఎవరికీ తట్టని ప్రశ్న.

సాలూరు దాటి ఘాట్ మీద సుంకి వైపు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ నీలం పొగ వస్తుంటే అనుమానం, ఆయిల్‌ను సిలిండరు పైకి రానివ్వకుండా ఆపే పిస్టన్ రింగుల మీదికి పోతుంది. అలా కాకుండా, కాలు తీసేసి గేరు మీద దిగి, కింద మళ్లీ తొక్కగానే ఒక్కసారి గుప్పుమంటే వేళ్లు, వాల్వు కాడల వెంట ఆయిల్ దిగకుండా ఆపే వాల్వ్ సీళ్ల వైపు చూపిస్తాయి. కాలు తీసినప్పుడు ఇన్‌టేక్‌లో పుట్టే వ్యాక్యూమ్, గట్టిపడిన సీళ్లను దాటించి ఆయిల్‌ను లోపలికి లాగుతుంది. గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో చాలాసేపు నిలిచి కదిలినప్పుడూ ఇదే తంతు. వెనకాల స్కూటరాయన ముక్కు మూసుకోవడం పరీక్షలో భాగమే. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చి పోయినా సీళ్ల మీదే గురి. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువవుతోందని, తెల్ల పొగ ఆగకుండా వస్తే కూలెంట్ పోతోందని అర్థం. అవి వేరే వ్యాజ్యాలు.

మాది దిగాక కొట్టే రకం. అయినా చవకైనదాన్ని ముందు చూడటం న్యాయం కాబట్టి పీసీవీ వాల్వు విప్పించాం. ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్‌లోని ఆవిర్లను ఇన్‌టేక్‌కు చేరవేసే ఆ చిన్న వాల్వు జిడ్డు పట్టి బిగుసుకుంటే, మంచి ఇంజిన్ కూడా తాగుబోతు పేరు మోయవలసి వస్తుంది. మాది ఊపితే టకటకమంది, బాగానే ఉంది. తర్వాత కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండరు గాలిని ఎంత బలంగా నొక్కుతోందో, చూశారు. తక్కువ వచ్చిన సిలిండరులో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ చూడటం పద్ధతి. అప్పుడు పెరిగితే రింగుల్లోంచే పోతున్నట్టు. మాకు అన్నింటిలోనూ సరిగ్గానే వచ్చింది. ఇక్కడ తొందరపడి సంబరపడకూడదు. పై రింగులు బాగుండి, అడుగున ఆయిల్ రింగు మసితో బిగుసుకుపోయినా కంప్రెషన్ చక్కగానే వస్తుంది. కానీ అలాంటి ఇంజిన్ ఘాట్ ఎక్కేటప్పుడూ ఊరుకోదు. మాది ఎక్కేటప్పుడు బుద్ధిగా ఉంది.

సీళ్లు మార్చారు. హెడ్ కూడా దించలేదు. సిలిండరులోకి గాలి పట్టించి, వాల్వులు కిందికి జారకుండా నిలిపి, పైనుంచే పని కానిచ్చారు. బయటికి వచ్చిన పాత సీళ్లు వేలితో నొక్కితే వంగకుండా విరిగాయి. తమరిని పోసుకుంటూ ఇంకొంతకాలం లాగి ఉంటే, కాలిన ఆయిల్‌లోని ఫాస్ఫరస్, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేసేది. దాని ధర విన్నవారికి సీళ్ల బిల్లు దానధర్మంలా కనిపిస్తుంది.

కనుక తమరు డిక్కీ ఖాళీ చేయగలరు. 1000 కిలోమీటర్ల లెక్క ఇంకోసారి చూసేదాకా గ్యారేజీ అలమరలో, కింది అరలో చోటిచ్చాం.

ఇట్లు,
తమ మాజీ పోషకుడు

తా.క.: తమ పెదనాన్న 20డబ్ల్యూ-50 గారు, "నన్ను పొయ్యండి, మందంగా ఉంటాను, పొగ తగ్గుతుంది" అని కబురు పంపారు. మా మాన్యువల్‌లో ఉన్నది 5డబ్ల్యూ-30. వారి సేవలు మాకు అక్కర్లేదు. బేరానికి మనుషులు వస్తున్నారని ముందురోజు సాయంత్రం పొగ దాచుకునే పాత కార్ల వాళ్లు పక్క వీధిలోనే ఉన్నారు, అటు వెళ్లమనండి.