కడుపుదాకా బతికి చేరితేనే మేలు

యాంటీబయోటిక్ రాసిన చీటీలో కిందనే ఒక ప్రోబయోటిక్ (ఒంటికి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు) క్యాప్సూల్ కూడా కనిపించడం ఇప్పుడు మామూలైంది. "రోజూ పెరుగన్నం తింటాంగా, ఇది దేనికి?" అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. పెరుగుకీ పనుంది, క్యాప్సూల్‌కీ పనుంది. అయితే ఒకదాని పని రెండోది చేయదు.

ముందు పెరుగు సంగతి. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవాళ్లలో చాలామందికి పెరుగు పడుతుంది. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను కొంత తోడులోని బాక్టీరియా ముందే తినేస్తుంది. మిగిలినదాన్ని విడగొట్టే ఎంజైమును పేగులోకి తీసుకెళ్తుంది. ప్రోబయోటిక్‌ల పేరుతో వచ్చిన వాదనల్లో చాలావాటిని తోసిపుచ్చిన యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో దీన్ని మాత్రం ఒప్పుకుంది. అదీ గ్రాముకు కనీసం 10 కోట్ల బాక్టీరియా బతికి ఉండాలన్న షరతుతో.

ఆ షరతు దగ్గరే మన వంటిల్లు తప్పుతుంది. పొగలు కక్కే అన్నంలో పెరుగు కలిపితే, మజ్జిగ పులుసు మరిగిస్తే రుచి మిగులుతుంది, బాక్టీరియా మిగలదు. ఇడ్లీ పిండి ఎంత బాగా పులిసినా ఆవిరి మీద అంతా చచ్చిపోతుంది. దద్దోజనానికి అన్నం పూర్తిగా ఆరాకే పెరుగు కలపాలి. తోడు పెట్టేటప్పుడు కాచిన పాలు 40–43 డిగ్రీలకు, అంటే చిటికెన వేలు పెడితే ఓర్చుకోగలిగే వెచ్చదనానికి దిగాలి. అర లీటరుకు ఒక చిన్న చెంచా తోడు చాలు. అంతకంటే వేడిగా ఉంటే తోడే చచ్చి పాలు పాలుగానే మిగులుతాయి. చల్లారిపోతే తోడుకోవడం ఆలస్యమై తీగలు సాగుతుంది. గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెడితే పులుపు అదుపులో ఉంటుంది.

యాంటీబయోటిక్ వాడితే పట్టుకునే విరేచనాలకు మాత్రం ఇంటి పెరుగును నమ్ముకోలేం. తోడులో ఏ రకం బాక్టీరియా ఎంత ఉందో ఇంటింటికీ మారుతుంది. ఈ విరేచనాలకు ఎక్కువగా పరీక్షించిన ప్రోబయోటిక్‌లు లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ, శాకరోమైసిస్ బౌలార్డీ. రెండోది ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్, కాబట్టి బాక్టీరియాను చంపే మందు దాన్నేమీ చేయదు, ఫంగస్ మందు చంపుతుంది. మొదటిదాన్ని యాంటీబయోటిక్‌కు రెండు గంటల ఎడంగా వేసుకోవాలి. విరేచనాలు మొదలయ్యాక కాక, కోర్సు మొదలైన రోజుల్లోనే ఆరంభిస్తేనే ప్రయోజనం. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మాత్రను పెరుగుతో మింగితే కాల్షియం దాన్ని పట్టేసి ఒంటికి పూర్తిగా అందనివ్వదు. ఈ పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతోంది.

యాంటీబయోటిక్‌తో సంబంధం లేకుండా పిల్లలకు వచ్చే విరేచనాల విషయంలో నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. 2018లో అమెరికా, కెనడాల్లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో ప్రోబయోటిక్ ఇచ్చిన పిల్లలు, ఇవ్వని పిల్లలకంటే త్వరగా కోలుకోలేదు. మన దగ్గర ప్రోబయోటిక్ సాచెట్ కొనే తల్లిదండ్రులు ఓఆర్‌ఎస్ మరిచిపోకూడదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజుల జింక్‌నూ మధ్యలో ఆపకూడదు. డబ్బు తక్కువుంటే ఈ రెండే కొనండి.

కొనేవాళ్లు డబ్బా మీద బాక్టీరియా పేరుతో పాటు దాని స్ట్రెయిన్ గుర్తు (ఆ జాతిలో ఏ ఉపరకమో చెప్పేది, జీజీ లాంటిది) ఉందో లేదో చూడాలి. బతికున్న బాక్టీరియా లెక్క తయారైన రోజుది కాక గడువు తీరే రోజుదై ఉండాలి.

రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు, మెడ దగ్గరి పెద్ద సిరలో గొట్టం ఉన్నవాళ్లకు బౌలార్డీ ఇవ్వకూడదు. ఆ ఈస్ట్ రక్తంలోకి చేరిన సందర్భాలున్నాయి. సాచెట్‌లోని పొడి గాలిలోకి లేచి గొట్టానికి అంటుకోవచ్చు కాబట్టి అలాంటి రోగి ఉన్న గదిలో పక్క మంచం వాళ్లకోసమైనా ఆ సాచెట్ విప్పకూడదు.