పేపరుకింత అని ఇస్తే పరిశోధన పుట్టదు

"ఒక్కో పరిశోధన పేపరుకింత అని నగదు ఇవ్వండి. పేపర్లు లేనివాళ్ళకు ప్రమోషన్ ఆపండి. ఐదేళ్ళలో యూనివర్సిటీలు ప్రపంచ ర్యాంకుల్లోకి ఎక్కుతాయి. చైనా చేసింది అదే. అసలు జబ్బు ప్రొఫెసర్ల బద్ధకం." వర్ధమాన దేశాల ఉన్నత విద్య గురించి మాటొస్తే చాలు, ఈ వాదన మళ్ళీ షేర్ అవుతుంది. వినసొంపుగానే ఉంది. ఒక్కో మాటా పట్టి చూద్దాం.

చైనా సంగతి ముందు. అక్కడి యూనివర్సిటీలు పేపర్లకు డబ్బిచ్చిన మాట నిజమే. కానీ చెప్పేవాళ్ళు కథను సగంలో ఆపేస్తారు. 2020 ఫిబ్రవరిలో అక్కడి విద్యాశాఖ, సైన్స్ శాఖలే ఆ నగదు బహుమతులు వద్దన్నాయి. ఎదుగుదలకు అసలు ఇంధనం వేరే ఉంది: 1995లో 211, 1998లో 985 ప్రాజెక్టుల కింద ఎంపిక చేసిన యూనివర్సిటీలకు నిధులు పోశారు. 2000లో జీడీపీలో 1 శాతం లోపున్న పరిశోధన ఖర్చు 2010ల మధ్యకల్లా 2 శాతం దాటింది. ఆ ఖర్చు ఊసెత్తకుండా బహుమతి ఒక్కటే అరువు తెచ్చుకుంటారట.

పేపర్ల సంఖ్య పెరిగితే పరిశోధన పెరిగినట్టేనా? 2009 చివర్లో ఒక క్రిస్టలోగ్రఫీ (స్ఫటికాల్లో పరమాణువుల అమరికను చదివే శాస్త్రం) జర్నల్, చైనాలోని జింగాంగ్‌షాన్ యూనివర్సిటీ నుంచి వచ్చిన 70 స్ఫటిక నిర్మాణాలు కల్పితాలని ప్రకటించింది. చేసిన పని చాలా తేలిక. నిజంగా కొలిచిన డేటా ఒకటి తీసుకుని, అందులో ఒకటి రెండు పరమాణువులు మార్చి, కొత్త పదార్థం కనిపెట్టామన్నారు. ఎందుకు చేశారో వాళ్ళకే తెలియాలి గానీ, సంఖ్యకు విలువ కట్టే చోట ఇంతకన్నా లాభసాటి బేరం ఉండదు. మన దగ్గరా ప్రమోషన్‌ను ఏపీఐ పాయింట్లకు, అంటే పేపర్లు వగైరా లెక్కేసి ఇచ్చే మార్కులకు, ముడిపెట్టారు. 2018లో యూజీసీ తాను ఆమోదించిన జాబితాలోంచి, నాసిరకమనో తప్పుడు వివరాలిచ్చాయనో, 4,305 జర్నళ్ళను తీసేయాల్సి వచ్చింది. మోసం లేనిచోట కూడా ఇదే తంతు: 1990లలో ఆస్ట్రేలియా నిధుల పంపకంలో పేపర్ల లెక్కను చేర్చితే పేపర్లు పెరిగాయి, ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం పెద్దగా ఎవరూ ఉదహరించని జర్నళ్ళకే పోయింది.

ఇక బద్ధకం. బద్ధకస్తులు లేరని ఎవరంటారు? కానీ పని చేద్దామనుకున్నవాడి దారి చూడండి. డీఎన్ఏ పనికి కావాల్సిన ఎంజైమ్ మైనస్ 20 డిగ్రీల్లో ఉండాలి. మూడు కొటేషన్లు, కమిటీ సంతకాలు అయ్యాక అది డ్రై ఐస్‌లో ప్యాక్ అయి విదేశం నుంచి బయల్దేరుతుంది. కస్టమ్స్‌లో ఒక కాగితం తక్కువైందని పెట్టె ఆగుతుంది. రెండు మూడు రోజులకు డ్రై ఐస్ కాస్తా ఆవిరైపోతుంది. ప్రయోగశాలకు చేరేది లేబుల్ అతికించిన చచ్చిన ద్రవం. పక్క గదిలో ఖరీదైన మైక్రోస్కోప్ ఉంటుంది, దాని ఏఎంసీకి (ఏటా చేసుకునే మరమ్మతు ఒప్పందానికి) మాత్రం బడ్జెట్ ఉండదు. గ్రాంటు ఆర్థిక సంవత్సరం చివర్లో వచ్చి, నెల తిరక్కుండా ఖర్చు పెట్టమంటుంది. పేపరుకు ఎంత ఇచ్చినా ఆ ఎంజైమ్ బతకదు.

ర్యాంకుల మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. పేరున్న విదేశీ శాస్త్రవేత్తల్ని పార్ట్‌టైమ్‌గా పెట్టుకుని వాళ్ళ పేపర్ల మీద తమ సంస్థ పేరు వేయించుకున్న యూనివర్సిటీలు ఉన్నాయి. ర్యాంకు పెరిగింది.

మరి పనిచేసేదేమిటి? బ్రెజిల్‌లో సావో పాలో రాష్ట్రం తన 1989 రాజ్యాంగంలోనే పన్ను రాబడిలో 1 శాతం ఫాపెస్ప్ అనే పరిశోధన నిధి సంస్థకు రాసిచ్చేసింది. అక్కడి 30కి పైగా ల్యాబ్‌లు 1997లో చేతులు కలిపి, నారింజ తోటల్ని పాడుచేసే ఒక బాక్టీరియా జన్యుక్రమాన్ని 2000 నాటికి పూర్తిగా చదివేశాయి. మొక్కల తెగులు తెచ్చే బాక్టీరియాల్లో అదే మొదటిది. అన్ని ల్యాబ్‌లూ కలిసి చేసిన ఆ పని, పేపర్ల లెక్కలో చూస్తే, ఒక్క పేపరు.

ప్రమోషన్ వేళ కూడా అభ్యర్థి తన మంచి పనులు నాలుగైదు ఇస్తే చాలు, వాటిని ఎవరో ఒకరు కూర్చుని చదవాలి. చిక్కల్లా ఇక్కడే. చిన్న విభాగంలో ఆ అంశం తెలిసినవాళ్ళు ఇద్దరే ఉంటారు: ఒకరు అభ్యర్థి, రెండోవారు ఆయన గైడు. కాబట్టి చదివేవాళ్ళను బయటి యూనివర్సిటీల నుంచి, అవసరమైతే బయటి దేశాల నుంచి పిలవాలి, పారితోషికం ఇవ్వాలి, వాళ్ళ అభిప్రాయాన్ని రాతపూర్వకంగా అభ్యర్థి చేతికివ్వాలి. నగదు బహుమతులకు ఖర్చు పెట్టే డబ్బు దీనికి పెట్టొచ్చు.