పెట్టమ్మా, పెట్టకమ్మా

కడియం నర్సరీల మధ్య పుట్టి పెరిగిన మనిషి దుంపను తలకిందులుగా నాటిందంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతేనే నాకు మంచిది. కానీ మొన్న శనివారం మొక్కల దుకాణంలో నా వెనక వరుసలో నిలబడ్డ ఆరుగురు కళ్లారా చూశారు కాబట్టి ఇక దాచి లాభం లేదు.

మేముండే అమెరికాలోని మినియాపోలిస్‌లో మే నెల సగం గడిచేదాకా మంచు భయం వదలదు. బిగోనియా అనే పూలమొక్క దుంపల తాతముత్తాతలది దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. వాటికి మన కోస్తా ఎండ పడదు, ఇక్కడి గడ్డకట్టే చలీ పడదు. కొత్త అల్లుడికి చేసినట్టు చేయాలి. అందుకే మార్చిలోనే ఇంట్లో 21 డిగ్రీల వెచ్చదనంలో మొలకెత్తించి, మంచు పోయాక బయట నీడపట్టున నాటుకుంటారు. నేనూ ఎనిమిది కొన్నాను. ఎలా నాటాలో ప్యాకెట్ వెనక రాసే ఉంటుంది. చదవలేదు, చింపి చెత్తబుట్టలో వేశాను. కడియం ఆడపడుచుకు కాగితం చూసి దుంప నాటే ఖర్మ ఏమిటి?

తీరా దుంపను చేతిలోకి తీసుకుంటే, ఏది తలో ఏది కాలో తెలియలేదు. అచ్చం వేలితో నొక్కి, చిల్లు పెట్టడం మరిచిపోయిన గారెలా ఉంది. ఒకవైపు గుంట, ఇంకోవైపు గుండ్రంగా బొడిపె, దానికి ఎండిపోయిన పీచు. కంద అయితే గుంటలోనే కన్ను ఉంటుందని నాకు తెలుసు. కానీ ఇది కంద కాదే! గుంట పైకి పెడితే నీళ్లు నిలిచి కుళ్లదా? గిన్నెలు కడిగి బోర్లించేది ఎందుకు మరి? ఇలా నా తెలివి నాతోనే వాదించుకుంటుంటే, నాన్నగారికి వీడియో కాల్ చేశాను. మాకు రాత్రి ఎనిమిది, ఆయనకు తెల్లవారుజామున ఆరున్నర.

ఇక్కడ మా వంటగది సిగ్నల్ గురించి ఒక మాట చెప్పాలి. మావారు నెట్‌వర్క్ ఇంజనీరు. ఎక్కడో టెక్సాస్‌లో ఉన్న ఆఫీసులో ఇంటర్నెట్ ఆగితే అర్ధరాత్రి లేచి బాగుచేస్తారు. సొంత వంటగదికి మాత్రం మూడేళ్లుగా "ఈ శనివారం చూస్తాను" అంటున్నారు.

నాన్నగారు దుంపను అటు తిప్పించి, ఇటు తిప్పించి చూశారు. కళ్లజోడు సవరించుకున్నారు. చూపుడు వేలు పైకెత్తి తీర్పు మొదలుపెట్టారు. "చూడూ, ఆ గుంట ఉన్న వైపు కిందికి పెట్ట..."

అంతే. బొమ్మ ఆగిపోయింది.

పెట్టమ్మా? పెట్టకమ్మా?

ఇంగ్లీషువాళ్లు ఆ వద్దనేదేదో ముందే చెప్పి ఊరుకుంటారు. మనం మాత్రం వాక్యమంతా నడిపించి, ఆఖరున ఒక్క 'క' మీద జీవితాలు వేలాడదీస్తాం. ఆ 'క' కోసం తెరమీద నాన్నగారి ముఖాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాను. పెదవులు మూసుకుని ఉన్నాయి. అంటే 'మ్మా' దగ్గర ఆగారన్నమాట. కానీ పెట్టమ్మా అన్నా పెట్టకమ్మా అన్నా పెదవులు మూయాల్సిందే కదా! అద్దం ముందు నిలబడి రెండూ పదేసి సార్లు పలికి చూసుకున్నాను. 'క' అనేటప్పుడు నా గడ్డం కొంచెం కిందికి జారుతోంది. నాన్నగారి గడ్డం జారలేదు. మరి ఎత్తిన వేలి సంగతి? అది "వద్దు" అనే వేలా, "పైకి" అనే వేలా? ఏదీ కాదు. ఆయన పెళ్లి ఫోటోలో కూడా ఆ వేలు అలాగే ఉంటుంది.

అప్పుడు వచ్చారు మావారు, మంచినీళ్లకు. సంగతి విని, "అనుమానమైతే నాలుగు అలా, నాలుగు ఇలా పెట్టు" అన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే అంతకన్నా తెలివైన సలహా లేదు. కానీ వంటగదికి సిగ్నల్ ఇవ్వలేని మనిషి నాకు వ్యవసాయం చెప్పడమా? ఆయన అలా అన్నందుకే ఎనిమిదీ ఒకే వైపు పెట్టాలని నిశ్చయమైపోయింది. కదలని నాన్నగారి ముఖానికి "ఆఁ, అర్థమైంది నాన్నగారూ" అని చెప్పి ఫోను పెట్టేశాను. ఎనిమిది దుంపలూ బోర్లించి, పైన మూడు అంగుళాల మట్టి కప్పాను.

ఆరు వారాలు. ఒక్క మొలక లేదు.

దుంపలు నాసిరకమని తేల్చుకుని, కుండీలన్నీ అట్టపెట్టెలో పెట్టుకుని దుకాణానికి వెళ్లాను. డబ్బు వాపసు కావాలంటే వేరే వరుస, ఆ వరుసకు ఒక చీటీ, ఆ చీటీ ఇచ్చే మిషను పనిచేయదు. నలభై నిమిషాలు నిలబడ్డాను. ఖాళీగా ఉండటం దేనికని వెనకున్న పెద్దావిడకు మా ఊరి గురించి, అక్కడి నర్సరీల గురించి, మా రక్తంలోనే మొక్కలున్నాయన్న విషయం గురించి వివరంగా చెప్పాను. ఎందుకు చెప్పానో!

బల్ల వెనక పట్టుమని పంతొమ్మిదేళ్లు లేని కుర్రాడు. మాట్లాడకుండా ఒక కుండీని అరచేతిలో బోర్లించాడు. మట్టి ముద్ద ఊడివచ్చింది. దాని అడుగున, కుండీ ఆకారానికి చుట్టలు చుట్టుకుని, లేత గులాబి రంగులో వేలెడంత మొలకలు. పైకి దారి దొరక్క భూగోళం అవతలి వైపు నుంచి, బహుశా కడియంలోనే బయటపడదామని బయలుదేరినట్టున్నాయి. రెండోది తీశాడు, అదీ అంతే. మూడోది కుళ్లింది. కుర్రాడు దుంపను మెల్లగా తిప్పి, గుంట పైకి ఉండేలా నా చేతిలో పెట్టి, "ఇలా" అన్నాడు. ఒక్క మాటే. పెద్దావిడ మాత్రం "మీ ఊళ్లో ఇలా నాటుతారేమో" అంది, పాపం, నిజంగానే.

డబ్బు ఇవ్వలేదు. ఇంటికొచ్చి మిగిలిన ఏడింటినీ తిప్పి నాటాను. ఏం జరిగిందని మావారు అడగలేదు. ఏడు కుండీల పక్కన నిలబడి "నాలుగు అలా..." అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆగిపోయారు. ఈయనకు సిగ్నల్ సమస్య ఏమీ లేదు.

నిన్న రాత్రి నాన్నగారు ఫోను చేశారు. "మొలకలు వచ్చాయా అమ్మా?" బొమ్మ అద్దంలా ఉంది, మాట గంటలా వినిపిస్తోంది, ఎత్తిన వేలి గోరు కూడా కనిపిస్తోంది.

"వినపడటం లేదు నాన్నగారూ" అని పెట్టేశాను.