ప్రభుత్వ సంస్థకు పని చెప్పేదెవరు?

దక్షిణాఫ్రికా ప్రభుత్వం 1998లో ఇంధన రంగంపై ఓ శ్వేతపత్రం తెచ్చింది. కొత్త విద్యుత్ కేంద్రాలపై త్వరగా నిర్ణయం తీసుకోకపోతే 2007 నాటికి కరెంటు చాలదని అందులో రాసుంది. అన్నట్టే జరిగింది. 2008 జనవరిలో కోతలు ఎంత ముదిరాయంటే, పెద్ద పెద్ద బంగారు గనుల్లో పని ఆపేయాల్సి వచ్చింది.

అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎస్కామ్ 1923లో పుట్టింది. ప్లాంట్లు కట్టాలని అది అడిగితే, ప్రైవేటు పెట్టుబడులు వస్తాయి, ఆగమన్నారు. ఆ పెట్టుబడులు రానే లేదు. ఎస్కామ్ చెప్పిందే నిజం, తప్పు ప్రభుత్వానిదేనని అప్పటి అధ్యక్షుడు తాబో ఎంబెకీ 2007 డిసెంబరులో బహిరంగంగా ఒప్పుకున్నారు. తర్వాత ఎస్కామ్‌ను అవినీతి, అప్పులు కూడా కుంగదీశాయి, నిజమే. కానీ మొదటి దెబ్బ తగిలింది యజమాని చేతిలోనే.

ప్రభుత్వ సంస్థల మీద చర్చ మొదలైతే చాలు, అమ్మాలా ఉంచాలా అన్న దగ్గరే ఆగిపోతాం. దాని పని ఏమిటో ఇవాళ ఎవరైనా స్పష్టంగా చెబుతున్నారా అన్నది నా మొదటి ప్రశ్న.

ఎందుకంటే ఇలాంటి సంస్థలు చాలావరకు ఏదో ఒక అవసరం తరుముకొస్తే పుట్టినవే. ఇటలీలో 1933లో బ్యాంకులు మునిగిపోతుంటే, వాటి చేతిలోని కంపెనీల వాటాలను తాత్కాలికంగా మోయడానికి ఐఆర్ఐ అనే ప్రభుత్వ సంస్థను పెట్టారు. నాలుగేళ్లకే దాన్ని శాశ్వతం చేశారు. యుద్ధం తర్వాత అదే సంస్థ దేశానికి ఎక్స్‌ప్రెస్ రహదారులు వేసింది. 1970ల్లో మాత్రం, నష్టాల్లో ఉన్న కంపెనీలను తెచ్చి దాని నెత్తిన పెట్టడం రివాజైపోయింది. చివరికి 2000లో లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులమ్మి మూసేసే దశకు వెళ్లింది.

ఎంత నష్టమొచ్చినా ఖజానా ఆదుకుంటుందని తెలిసిన మేనేజర్‌కు ఖర్చు తగ్గించాలన్న టెన్షన్ ఉండదు. హంగరీ ఆర్థికవేత్త యానోష్ కొర్నాయ్ దీన్నే మెత్తని బడ్జెట్ పరిమితి అన్నారు. నా దృష్టిలో ఈ రంగం గురించి ఇంతకన్నా పనికొచ్చే మాట లేదు.

మరి దక్షిణ కొరియా ఉక్కు సంస్థ పోస్కో ఎలా నిలబడింది? 1968లో అది మొదలైనప్పుడు ఆ ప్లాంటు గిట్టుబాటు కాదని ప్రపంచ బ్యాంకు తేల్చేసింది. అప్పు పుట్టకపోతే, వలస పాలనకు పరిహారంగా జపాన్ ఇచ్చిన డబ్బులో కొంత మళ్లించారు. 1973 జూన్‌లో పోహాంగ్‌లో తొలిసారి కరిగిన ఇనుము కొలిమిలోంచి ప్రవహించినప్పుడు, అక్కడున్న అధికారులు, ఇంజినీర్లు చేతులు పైకెత్తి జయధ్వానాలు చేశారు. చౌకగా, నాణ్యమైన ఉక్కు తీయాలి, అంతే వాళ్లకు చెప్పిన పని. సారథి పార్క్ తే జూన్ జోలికి రాజకీయ నాయకులు రాకుండా దేశాధ్యక్షుడే అడ్డుగా నిలిచాడు. నియంతృత్వం నీడలో దొరికిన రక్షణ అది, దాన్ని ఆదర్శంగా చూపలేను. 2000 నాటికి ప్రభుత్వం తన వాటా అమ్మేసింది. అప్పటికి సంస్థ తన కాళ్ల మీద తాను నిలబడి ఉంది.

అమ్మేస్తే అంతా సర్దుకుంటుందనుకునేవాళ్లు బ్రిటన్ రైలు పట్టాల కథ చూడాలి. 2000 అక్టోబరులో హాట్‌ఫీల్డ్ దగ్గర రైలు కింద పట్టా 300కు పైగా ముక్కలైంది, నలుగురు చనిపోయారు. పట్టాకు పగుళ్లున్నాయని, మార్చాలని ముందే తెలుసు. అప్పట్లో పట్టాల యజమాని అయిన ప్రైవేటు సంస్థ రైల్‌ట్రాక్ మార్చలేదు. ఏడాదిలోపే అది దివాలా తీసింది. పట్టాలు నెట్‌వర్క్ రైల్ అనే కొత్త సంస్థ చేతికెళ్లాయి, 2014లో దాన్ని అధికారికంగా ప్రభుత్వ రంగంలోనే లెక్కేశారు.

నార్వేలో ఒక అలవాటుంది. ఏ కంపెనీలో వాటా ఎందుకు ఉంచుకుందో ప్రభుత్వం పార్లమెంటుకు రాతపూర్వకంగా చెబుతుంది. ఉంచుకోవడానికి కారణం లేకపోతే అదీ రాస్తుంది. అమ్మకానికి తేదీ పెట్టే ముందు, లేదా మరో విడత సాయం ప్రకటించే ముందు, ప్రతి ప్రభుత్వ సంస్థ విషయంలో ఆ ఒక్క పేజీ జనం ముందు పెట్టాలి.